సవతి గొంతు

ఆ ఇంట్లో ఇంజనీరు అనిపించుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. ప్రింటర్‌లో ఇరుక్కున్న కాగితాన్ని చింపకుండా బయటికి లాగితే చాలు. బాబాయ్ వాళ్ళ అన్నగారి కూతురు చేసిన ఘనకార్యం అదొక్కటే. ఆమె ఉద్యోగం ఇన్సూరెన్సు ఆఫీసులో. తడిసిన సోఫాల ఫొటోలు చూసి, ఇది నిజంగా వానకే తడిసిందా, లేక ఇంటివాళ్ళే బకెట్టు కుమ్మరించారా అని అనుమానించడం ఆమె పని. అయినా ఆ కాగితం బయటికొచ్చిన రోజు నుంచి బాబాయ్ ఆమెను 'ఇంజనీరమ్మా' అనే పిలిచాడు. ఆయన్ని చూసి పిన్ని, పిన్నిని చూసి మిగతా చుట్టాలు. చివరికి కన్నతల్లి కూడా అలాగే పిలవడం మొదలుపెట్టింది.

కాబట్టి బాబాయ్ పాత ల్యాప్‌టాప్ ఒకరోజు కాలిన వాసన కొట్టి ప్రాణం విడిచేసరికి, కొత్తది కొనే పని తిన్నగా వచ్చి ఇంజనీరమ్మ నెత్తిన పడింది.

బాబాయ్‌కి పుట్టుకతోనే చూపు లేదు. చేసేది మాత్రం రాతపని. ఆసుపత్రి డాక్టర్లు రోగుల్ని చూశాక, చూసిందంతా రికార్డరులో గబగబా వాగేసి వెళ్ళిపోతారు. ఆ వాగుడంతా విని, శుభ్రమైన రిపోర్టుగా టైపు చేసి పంపడం ఆయన పని. హెడ్‌ఫోన్స్‌లో ఎడమ చెవిలో డాక్టరు, కుడి చెవిలో కంప్యూటరు. తెర మీద ఏముందో, తను కొట్టింది సరిగ్గా పడిందో లేదో కంప్యూటరే చదివి చెబుతూ ఉంటుంది. రెండు చెవుల్లో ఇద్దరు ఒకేసారి మాట్లాడుతుంటే మామూలు మనిషికి పిచ్చెక్కుతుంది. బాబాయ్‌కి పని జరుగుతుంది.

పాత ల్యాప్‌టాప్‌లో చదివేది ఆడగొంతేనని దాన్ని తయారు చేసినవాళ్ళు చెప్పుకున్నారు గాని, వింటే రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపినట్టుండేది. దానికి తోడు బాబాయ్ దాని వేగం పెంచగలిగినంతా పెంచి పెట్టుకునేవాడు. ఇంటికొచ్చినవాళ్ళకి అది ఏ భాషో కూడా అంతుబట్టేది కాదు. పొద్దస్తమానం మొగుడి చెవిలో వాగే ఆ గొంతుకి పిన్ని 'సవతి' అని పేరు పెట్టింది. "నా సవతి లేచిందా? ఇవాళ ఏమంటోంది?" అని కాఫీ కప్పు బల్ల మీద పెడుతూ రోజూ అడిగేది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాక బాబాయ్‌కి ఇంక బయటి లోకం వినబడదు. ఆయన్ని పిలవాలంటే బల్ల మీద రెండుసార్లు తట్టాలి. పెళ్ళయిన కొత్తలోనే ఆయన పెట్టిన నియమం అది. పిన్ని వేళ్ళు తట్టీ తట్టీ ఆ బల్ల అంచున రంగు కూడా పోయింది.

ఇంజనీరమ్మ నాలుగు దుకాణాలు తిరిగి, పలుచటి కొత్త ల్యాప్‌టాప్ తెచ్చింది. అందులో సరికొత్త సిస్టమ్, దాంతోపాటే వచ్చిన సరికొత్త గొంతు. తేనె పూసినట్టు మాట్లాడుతుంది. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి కూడా తీసుకుంటుంది.

"చూశావా బాబాయ్, అచ్చం మనిషిలాగే లేదూ?" అంది ఇంజనీరమ్మ, ఆ గొంతుని తనే కన్నట్టు.

"కొత్త సవతికి మర్యాద తెలుసు," అంది పిన్ని మెచ్చుకోలుగా.

"బాగుందమ్మా," అన్నాడు బాబాయ్. అది మొహమాటపు 'బాగుంది' అని అప్పుడే గ్రహించాల్సింది. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనుకునేవాళ్ళకి నాలుగో కాలు కనబడదు కదా.

ఆ తర్వాతి శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి బయటపడుతుండగా ఆయన దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"ఇంజనీరమ్మా, ఇందులో ఉన్న సిస్టమ్ పీకేసి పాత వెర్షన్ వేయగలవా?"

ఇంజనీరమ్మకి చిర్రెత్తింది. బస్సు దిగి నేరుగా వాళ్ళింటికే వెళ్ళింది. "అందరూ పాతది తీసి కొత్తది వేయించుకుంటారు బాబాయ్. నువ్వేమిటి ఏటికి ఎదురీదుతానంటావు? రెండు వారాలు ఓపిక పడితే అదే అలవాటవుతుంది."

"నాకు రెండు వారాలు లేవు తల్లీ. సోమవారం దాకానే గడువు."

అప్పుడు చెప్పాడు. కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక రిపోర్టులు సగం కూడా తెమలడం లేదట. అది చాలదన్నట్టు, ఒకరి కుడి మోకాలికి చేయాల్సిన ఆపరేషను ఎడమ మోకాలికి రాసి పంపాడట. ఆసుపత్రిలో రికార్డుల సూపరింటెండెంటు కంటపడి ఆగింది గాని, లేకపోతే ఏమయ్యేదో. ఆవిడ కోప్పడలేదు. సోమవారానికి మిగిలిన ఫైళ్ళన్నీ తప్పుల్లేకుండా వస్తే సరే, లేకపోతే పని వేరేవాళ్ళకి ఇవ్వక తప్పదని మాత్రం చెప్పింది.

"ఇన్నేళ్ళలో నేను తప్పు రాశానని ఒక్కరూ అనలేదు," అన్నాడు బాబాయ్. ఇంజనీరమ్మ ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. ఎప్పుడూ ఎవరో ఒకర్ని ఆటపట్టించే మనిషి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"నేను చదివి పెడతానన్నాను," అంది పిన్ని గుమ్మం దగ్గర నిలబడి. "ఒక మధ్యాహ్నమంతా పక్కన కూర్చుని చదివాను కూడా. ఆపెయ్యమన్నారు. నా గొంతు పనికి రాలేదు."

బాబాయ్ హెడ్‌ఫోన్స్ తీసి ఇంజనీరమ్మ చేతికిచ్చాడు. "నువ్వే విను."

పెట్టుకుంది. ఎడమ చెవిలో ఒక డాక్టరమ్మ, నెమ్మదైన గొంతుతో ఎవరి మోకాలి గురించో చెబుతోంది. కుడి చెవిలో కొత్త గొంతు, అంతే నెమ్మదిగా, అంతకు ముందటి వాక్యం చదువుతోంది. నిమిషం తిరక్కుండానే ఏది ఎవరి మాటో ఇంజనీరమ్మకి తెలియకుండా పోయింది. ఇద్దరూ మనుషుల్లాగే ఉన్నారు. ఇద్దరూ ఒకే చోట ఊపిరి తీసుకుంటున్నారు. కుడి అన్నది ఎవరు, ఎడమ అన్నది ఎవరు? వేగం పెంచి చూసింది. తేనె కాస్తా పాకమై, మాటలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"పాతదైతే రేకు మోత," అన్నాడు బాబాయ్. "లోకంలో ఏ మనిషి గొంతుతోనూ కలవదు. ఎంత పరిగెత్తించినా మాటకి మాట విడిగా వినబడుతుంది. అదీ దాని గొప్ప. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఈ కొత్త సిస్టమ్ మీద అది ఎక్కదు. వెనకటి వెర్షన్ మీదైతే ఎక్కుతుంది."

ఇంజనీరమ్మ హెడ్‌ఫోన్స్ తీసి మెల్లగా బల్ల మీద పెట్టింది. మనిషిలా మాట్లాడటమే దీని గొప్ప అని నాలుగు దుకాణాలు తిరిగి కొన్నది తను. ఆ గొప్పే ఆయన కొంప ముంచుతోంది. సిగ్గేసింది.

"రేపు పొద్దున్నే వస్తా బాబాయ్," అంది.

శనివారం వచ్చేటప్పుడు దారిలో తన ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే సిస్టమ్స్ ఆయన ఇంట్లో ఆగి, పాత వెర్షన్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి, బయట తగిలించే సీడీ డ్రైవ్ ఒకటి తెచ్చుకుంది. పాత గొంతు ఉన్నది సీడీలో, ఈ కాలపు ల్యాప్‌టాప్‌లకి సీడీ పెట్టే చోటే ఉండదు మరి. పాత వెర్షన్‌కి రక్షణ తక్కువ, దాన్ని ఇంటర్నెట్ గాలి కూడా సోకనివ్వద్దు అని ఆయన గట్టిగా హెచ్చరించి మరీ పంపాడు. దానికి పిన్ని అప్పటికప్పుడు ఉపాయం చెప్పింది. ఫైళ్ళు తన ట్యాబ్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో పోసి ఇస్తుంది, పూర్తయినవి మళ్ళీ తనే పంపుతుంది. "ఇంటి నుంచి బజారుకి తిరిగే పని ఎప్పుడూ నాదేగా," అంది.

ముందు ల్యాప్‌టాప్ మొండికేసింది. పెన్‌డ్రైవ్ వంక కన్నెత్తి కూడా చూడకుండా, కొత్త సిస్టమ్‌నే మళ్ళీ మళ్ళీ తెరిచి పెట్టింది. ఊరూ పేరూ తెలియనివాళ్ళని గుమ్మంలోకి రానివ్వని కాపలా ఒకటి దాని లోపలే ఉందట. సిస్టమ్స్ ఆయన ఫోనులో చెప్పిన చోట వెతికి, ఆ కాపలాని సెలవు మీద పంపేసరికి కాఫీ చల్లారిపోయింది. చివరికి పాత వెర్షన్ తాలూకు మొదటి తెర వచ్చింది. రావడం వచ్చింది, అక్కడే ఆగింది.

"బాణం కదలట్లేదు బాబాయ్."

"ఏ బాణం?"

"మౌస్ బాణం. టచ్‌ప్యాడ్ మీద వేలు అరిగేలా రుద్దుతున్నాను. ఇంత కొత్త టచ్‌ప్యాడ్ ఉంటుందని ఈ పాతదానికి తెలిసినట్టు లేదు."

"ఓస్, అంతేనా? పుట్టి బుద్ధెరిగాక నేనెప్పుడైనా బాణం పట్టానా? కీబోర్డు పలుకుతోందా?"

ఒక మీట నొక్కి చూసింది. పలుకుతోంది.

"అయితే జరుగు. నీ కళ్ళు, నా వేళ్ళు. తెర మీద ఉన్నది ఉన్నట్టు చదువు."

ఇంజనీరమ్మ కుర్చీ పక్కకి జరిపి గొంతు సవరించుకుంది. "నీలం రంగు పెట్టె ఒకటి ఉంది. దాని మూలన తెల్లగా, కొంచెం మెరుస్తూ..."

"రంగులు నాకెందుకమ్మా, పెళ్ళిచూపులా? మాటలు చదువు."

"భాష ఎంచుకోండి."

"టాబ్... టాబ్... ఎంటర్. తర్వాత?"

"ఇప్పుడే ఎక్కించండి అని ఉంది."

"ఎంటర్. తర్వాత? వేగం పెంచు తల్లీ. నీకంటే మీ పిన్ని సవతి నయం, ఈపాటికి మూడు పేజీలు దాటించేది."

"అది సెలవులో ఉంటే బదులు నిన్ను పెట్టుకున్నారా?" అంది పిన్ని కూరగాయలు తరుగుతూనే. ముగ్గురూ నవ్వారు. కొత్త ల్యాప్‌టాప్ వచ్చాక ఆ గదిలో నవ్వు వినబడటం అదే మొదటిసారి.

అలా చదువుతూ, నొక్కుతూ పోతుండగా ఒక చోట ఇంజనీరమ్మ టక్కున ఆగిపోయింది.

"ఈ డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది, తిరిగి రాదు, సరేనా అని అడుగుతోంది."

పాతది సరిగ్గా ఎక్కకపోతే? ఉన్న గొంతూ పోయి, రావాల్సిన గొంతూ రాకపోతే? ఏరు దాటకముందే తెప్ప తగలేసినట్టవుతుంది. "బాబాయ్, ఒక్కసారి ఆలోచించుకుందామా?"

"ఆలోచిస్తూ కూర్చుంటే సోమవారం వస్తుంది," అని బాబాయ్ ఎంటర్ నొక్కేశాడు.

అంకెలు నత్తలా పాకాయి. తొంభై దగ్గర కాసేపు కునుకు తీశాయి. మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి పాత వెర్షన్ పూర్తిగా ఎక్కి, ఎన్నో ఏళ్ళ కిందటి పచ్చిక బయలు బొమ్మతో తెర వెలిగింది. ఇంజనీరమ్మ చప్పట్లు కొట్టింది. బాబాయ్ మాత్రం మూత మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. మాట్లాడని ల్యాప్‌టాప్ ఆయనకి పీటతో సమానం.

"ఇంక సవతిని పిలవడమే ఆలస్యం. ఏమోయ్, ఆ గొంతు సీడీ అల్మారా పై అరలో పెట్టాం చూడు, పట్రా."

పిన్ని కదల్లేదు. బదులూ చెప్పలేదు. ఆ ఇంట్లో పిన్ని నోట మాట రాకపోవడం అరుదు కాబట్టి ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"పావురాలు..." అంది చివరికి.

"పావురాలేమిటి?"

"బాల్కనీలో గూళ్ళు పెట్టి చంపుకు తింటుంటే, మెరిసేదేదైనా వేలాడదీస్తే రావని పక్కింటావిడ చెప్పింది. పాటల సీడీలంటే మీకు ప్రాణమని ముట్టుకోలేదు. ఇదెలాగూ లోపల ఎక్కించేశారుగా, ఇంక దీంతో పనేముంది అనుకున్నాను."

"ఎప్పుడు?"

"కిందటి ఎండాకాలం."

బాబాయ్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అంటే, సవతిని ఉరి తీశావన్నమాట."

ఇంజనీరమ్మ బాల్కనీలోకి పరిగెత్తింది. బట్టల తీగకి ఎర్ర దారంతో కట్టిన సీడీ గాలికి గిరగిరా తిరుగుతోంది. ఒక వర్షాకాలం, ఒక చలికాలం దాని మీదుగా వెళ్ళిపోయాయి. దాని మీద చారలు, దుమ్ము, అంతకంటే చెప్పుకోలేనివి కూడా ఉన్నాయి. సరిగ్గా దాని కిందే, పూలకుండీలో, ఒక పావురం దర్జాగా గూడు కట్టుకుని కూర్చుంది. ఇంజనీరమ్మ దారం తెంపుతుంటే అది విసుగ్గా చూసింది.

సీడీని కడిగి, తుడిచి డ్రైవ్‌లో పెట్టారు. డ్రైవ్ కరకరమని నమిలింది. కాసేపు ఆగింది. మళ్ళీ నమిలింది.

"చదవలేకపోతున్నాను అంటోంది," అంది ఇంజనీరమ్మ.

బాబాయ్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వులాటకి పెట్టిన పేరండీ అది. నవ్వులాటకే అనుకున్నాను. కానీ మెరిసేవి ఇంట్లో ఇంకెన్ని లేవు? గరిటెలున్నాయి, పళ్ళేలున్నాయి. ఏరి ఏరి దీన్నే తీసుకెళ్ళి కట్టాను చూడండి. నా మూలాన మీ పని పోతే నన్ను నేను క్షమించుకోలేను."

"ఊరుకోవోయ్," అన్నాడు బాబాయ్.

ఇంజనీరమ్మ సిస్టమ్స్ ఆయనకి మళ్ళీ ఫోను చేసింది. కంపెనీ అచ్చు వేసిన సీడీలు అంత తేలిగ్గా చావవు, గుండ్రంగా తుడిస్తే గీతలు పడతాయి, మధ్య నుంచి అంచుకి తిన్నగా తుడవండి అన్నాడాయన. వీళ్ళు తుడిచింది అచ్చం అన్నం పళ్ళెం తుడిచినట్టే.

"ఇలా ఇవ్వు," అని పిన్ని సీడీ తీసుకుంది. గోరువెచ్చని నీళ్ళలో చుక్క సబ్బు వేసి, కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డ తెచ్చి, మధ్య నుంచి అంచుకి, మధ్య నుంచి అంచుకి, పసిపిల్ల మూతి తుడిచినంత జాగ్రత్తగా తుడిచింది. తుడుస్తున్నంతసేపూ పెదవులు కదులుతూనే ఉన్నాయి. తిడుతోందో బతిమాలుతోందో తెలియలేదు.

ఈసారి డ్రైవ్ నమలలేదు. తిరిగింది. తెర మీద ఆకుపచ్చ గీత బయలుదేరింది. సగం దాటింది, ముప్పాతిక దాటింది, అక్కడ ఆగిపోయింది. పిన్ని డ్రైవ్ మీదికి వంగి, "రావే తల్లీ," అంది. "నీ మీద నాకేం కోపం లేదు. నీ ఇల్లే ఇది. వచ్చి నీ పని నువ్వు చేసుకో."

గీత కదిలింది.

ఇంకాసేపటికి ల్యాప్‌టాప్ లోంచి రేకు డబ్బాలో గులకరాయి ఒకటి దొర్లింది. తర్వాత ఇంకొకటి. వేగం పెంచకముందు దాని అసలు నడక అది. "న-మ-స్కా-రం. మీకు చ-ది-వి వి-ని-పిం-చ-డా-ని-కి సి-ద్ధం-గా ఉ-న్నా-ను."

"ఓహో, ఇదా ఇన్నేళ్ళూ అంటున్నది?" అంది పిన్ని కళ్ళు తుడుచుకుంటూ. "పాపం, మంచిదే."

బాబాయ్ మూడు మీటలు నొక్కాడు. గులకరాళ్ళన్నీ ఒక్కసారిగా కుమ్మరించినట్టు మోత లేచింది. ఆయన వెన్ను నిటారుగా అయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, వేళ్ళు కీబోర్డు మీదికి వదిలాడు. చిన్నప్పుడు సెలవులకి ఈ ఇంటికొస్తే తను నిద్ర లేచేసరికి వినబడే టకటక అదేనని ఇంజనీరమ్మకి గుర్తొచ్చింది. ఆ చప్పుడు వింటుంటే ఆమెకి ఎంత సంతోషమేసిందంటే, అక్కడే నిలబడి తనలో తనే నవ్వుకుంది.

సోమవారం సాయంత్రం ఇంజనీరమ్మ సీడీ డ్రైవ్ తీసుకెళ్దామని వచ్చేసరికి పిన్ని గుమ్మంలోనే ఆపి ట్యాబ్ చూపించింది. సూపరింటెండెంటు రాసిన జవాబు. 'మోకాళ్ళన్నీ ఎవరివి వాళ్ళ దగ్గరే ఉన్నాయి. సంతోషం. కొత్త ఫైళ్ళు పంపుతున్నాను.'

లోపల బాబాయ్ అటు తిరిగి కూర్చుని పనిలో ఉన్నాడు. రెండు చెవులూ మూసి ఉన్నాయి, వేళ్ళు పరిగెడుతున్నాయి. పిన్ని కాఫీ కప్పు పట్టుకెళ్ళింది. బల్ల మీద పెట్టింది. తట్టబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా సవతిని ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆపమన్న పాపాన పోలేదు," అంది, ఇంజనీరమ్మకి కూడా సరిగ్గా వినబడనంత మెల్లగా. "నన్ను ఒక్క మధ్యాహ్నానికే ఆపెయ్యమన్నారు."

బాబాయ్ వేళ్ళు ఆగలేదు. తల కూడా తిప్పలేదు. "అది మాట్లాడితే పని సాగుతుందోయ్," అన్నాడు. "నువ్వు మాట్లాడితే వినబుద్ధేస్తుంది. ఇంక మోకాళ్ళెవడిక్కావాలి?"

పిన్ని ముఖం మందారంలా ఎర్రబడింది. తర్వాత ఆమె ముఖంలో ఇంకేదో లెక్క తేలడం ఇంజనీరమ్మ స్పష్టంగా చూసింది. పిన్ని రంగు పోయిన బల్ల అంచుని చూసింది, మొగుడి చెవులకున్న హెడ్‌ఫోన్స్‌ని చూసింది, నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏమండీ! అంటే పెళ్ళయినప్పటి నుంచీ ఇవి పెట్టుకున్నా నా మాటలన్నీ మీకు వినబడుతూనే ఉన్నాయా?"

బాబాయ్ వేళ్ళు ఆగిపోయాయి. కొంచెం ఆలోచించాడు. తర్వాత బల్ల వైపు చెయ్యి చాపి అన్నాడు: "ఎవరో ఏదో అన్నట్టున్నారు. రెండుసార్లు తట్టండి."